స్విచ్చును గడియారం చేతిలో పెడితే

క్లుప్తంగా

డిజిటల్ టైమర్ స్విచ్చు చేసే పని ఒక్కటే. వారంలో చెప్పిన రోజు, చెప్పిన నిమిషానికి ఒక కాంటాక్టును (కరెంటు దారిని మూసి తెరిచే కొసల జతను) కలుపుతుంది, లేదా విడదీస్తుంది. లైట్లకు, బడి గంటకు, ఒకదాని తర్వాత ఒకటి నడిచే జంట ఏసీలకు ఆ మాత్రం చాలు. నీటి మోటారుకు చాలదు; నీటిమట్టం చూసే ఫ్లోటు, ఫేజులు చూసే రిలే కూడా తోడుండాలి. గంటను బట్టి కరెంటు ధర మారే పద్ధతి వస్తుండడంతో ఈ చిన్న పెట్టెకు ఇప్పుడు బిల్లుతో కూడా పని పడింది.

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో ఏదైనా అపార్ట్‌మెంట్ కింద ప్యానెల్ బోర్డు తలుపు తీస్తే, ఎంసీబీల (లోడు మించితే పడిపోయే స్విచ్చుల) వరసలో రెండు ఎంసీబీలంత వెడల్పున్న పెట్టె ఒకటి కనిపించడం మామూలైపోయింది. బూడిద రంగు తెర మీద టైము, దాని అంచున వారాల పేర్లు, ఈ రోజు ఏ వారమో చూపించే చిన్న ముక్కోణం గుర్తు, కింద నాలుగైదు బుల్లి బటన్లు. సాయంత్రం ఆరైతే లైట్లు వాటంతటవే వెలుగుతాయని చెప్పి ఎలక్ట్రీషియన్ వెళ్లిపోతాడు. కొన్నాళ్లకు ఫిర్యాదులు మొదలవుతాయి. పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయని ఒకరు, ట్యాంకు పొంగి మెట్ల మీదుగా నీళ్లు వచ్చాయని ఇంకొకరు, మోటారు అసలు ఆన్ కాలేదని వాచ్‌మన్. టైమర్ పాడైందని తేల్చేస్తారు. విప్పి చూస్తే చాలాసార్లు టైమర్ నిక్షేపంగా ఉంటుంది. దానికి టైము తప్ప ఇంకేమీ తెలియదు. ట్యాంకు నిండిందా, పొద్దు గుంకిందా, మూడు ఫేజులూ ఉన్నాయా అన్నవి దాన్ని అడగాల్సిన ప్రశ్నలు కావు.

పెట్టె లోపల

పాత టైమర్లకు గుండ్రటి డయల్ ఉండేది. చుట్టూ 96 చిన్న పుల్లలు, ఒక్కో పుల్ల 15 నిమిషాలకు గుర్తు. ఎన్ని పుల్లలు లోపలికి నొక్కితే అంతసేపు ఆన్. ఆ డయల్‌ను తిప్పేది కరెంటుతో నడిచే చిన్న సింక్రనస్ మోటారు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, దాంతో టైము కూడా ఆగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు లైను తీస్తే, ఆ రోజు సాయంత్రం 6కి వెలగాల్సిన లైటు 8కి వెలుగుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వచ్చి, ఏ ఊళ్లోనైనా కరెంటు ఒకటిన్నర రోజు లేకపోయిందంటే, ఆ డయల్‌కు పగలు రాత్రి తారుమారవుతాయి. లోపల బ్యాటరీ ఉన్న డయల్ రకాలు కూడా దొరుకుతాయి గానీ, చవకగా వచ్చేవాటిలో అది ఉండదు.

డిజిటల్ టైమర్‌లో టైము చెప్పేది క్వార్ట్జ్ స్ఫటికం. చేతి గడియారంలో ఉండేదే. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అదే ఒక సెకను. తెరను, గడియారాన్ని నడిపించడానికి లోపల చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా టైము నడుస్తూనే ఉంటుంది. కరెంటు లేనప్పుడు కాంటాక్టును కదిలించే రిలే మాత్రం పనిచేయదు. తిరిగి రాగానే, ఆ క్షణానికి ఆన్‌లో ఉండాలా ఆఫ్‌లో ఉండాలా అన్నది టైమర్ తన ప్రోగ్రామ్ చూసి ఆ స్థితిలోకి వచ్చేస్తుంది.

స్ఫటికం కూడా పూర్తిగా కచ్చితం కాదు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉంటే రోజుకు దాదాపు 1.7 సెకన్లు, ఏడాదికి పది నిమిషాలు. ఈ రకం స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతుంది. అంతకన్నా వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. రోహిణి కార్తెలో మేడ మీద రేకు పెట్టెలో పెట్టిన టైమర్ 45 డిగ్రీల్లో ఉడుకుతుంటే, ఆ వేడి ఒక్కదాని వల్లే రోజుకు ఇంకో సెకను పైగా వెనకబడుతుంది. లైట్లకు ఇదేమంత లెక్కలోది కాదు. బడి గంటకైతే ఏడాదిలో ఒకటి రెండుసార్లు టైము సరిచేయక తప్పదు.

పొద్దు గుంకే వేళ

నెల్లూరులో జులై మొదట్లో సూర్యాస్తమయం సాయంత్రం 6:40 ప్రాంతంలో. నవంబరు చివర్లో 5:40 లోపే. గంట తేడా. కారిడార్ లైట్లను ఏడాది పొడుగునా 6:00కు ఆన్ చేస్తే, ఎండాకాలంలో నలభై నిమిషాలు వెలుతురులో వృథాగా వెలుగుతాయి, చలికాలంలో ఇరవై నిమిషాలు మెట్లు చీకట్లో ఉంటాయి. ఉదయం వైపు కూడా ఇలాంటి తేడానే. జూన్ మొదట్లో 5:45 లోపే తెల్లవారితే, జనవరి చివర్లో 6:35 దాటుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు ఇరవై ఉన్న భవనంలో రోజుకు గంట వృథా అయితే 0.4 యూనిట్లు, ఏడాదికి 146 యూనిట్లు. పెద్ద మొత్తమేమీ కాదు. చీకటి మెట్ల మీద కాలు జారితే అయ్యే ఖర్చు దీనికన్నా ఎక్కువే.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి వెలుతురు చూసే ఫోటోసెల్. అది నిజంగా చీకటి పడిందో లేదో చూస్తుంది కాబట్టి మబ్బు పట్టిన రోజున ముందే వెలిగిస్తుంది. కానీ దాని మీద దుమ్ము పేరుకుంటుంది, కాకి రెట్ట పడుతుంది, ఎదురుగా ఉన్న లైటు తగిలితే వెలిగి ఆరి వెలిగి ఆరి తికమకపడుతుంది. రెండోది ఆస్ట్రో టైమర్. ఇది ఆకాశం వంక చూడదు. ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇస్తే ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడో లెక్క కడుతుంది. ఓ రకంగా పంచాంగం చేసే పనే.

ఆస్ట్రో టైమర్‌లో ఊరి పేర్ల జాబితా ఉంటే అందులో నెల్లూరు కనిపించకపోవచ్చు. చెన్నై అని పెట్టినా తేడా నాలుగు నిమిషాలకు మించదు, ఎందుకంటే రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. నెల్లూరు, ఒంగోలు రెండూ దానికి పడమరగా సుమారు 80 డిగ్రీల దగ్గర ఉన్నాయి కాబట్టి ఇక్కడ పొద్దు దాదాపు పది నిమిషాలు ఆలస్యం. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన ఏ ఐరోపా నగరమో అలాగే ఉండిపోతేనే అసలు తంటా. లైట్లు ఆ ఊరి సూర్యుడి ప్రకారం వెలుగుతాయి.

మోటారు దగ్గర అసలు చిక్కు

టైమర్ మీద పడే నిందల్లో బరువైనవి నీటి మోటారు దగ్గరే పుడతాయి. 10,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, నిమిషానికి 150 లీటర్లు తోడే మోటారు అనుకుందాం. ఖాళీ ట్యాంకు నిండడానికి 67 నిమిషాలు. కాబట్టి రోజూ ఉదయం 5:00 నుంచి 6:07 వరకు అని పెడతారు. లెక్క బాగానే ఉంది. సంక్రాంతికి సగం ఫ్లాట్లు తాళాలు వేసుకుని ఊళ్లకు వెళ్తాయి. ట్యాంకులో అప్పటికే 8,000 లీటర్లు ఉన్నాయి. 13 నిమిషాల్లో ట్యాంకు నిండిపోతుంది, మిగతా 54 నిమిషాలూ మోటారు పోస్తూనే ఉంటుంది. దాదాపు 8,000 లీటర్లు మేడ మీద నుంచి కాలువలోకి.

అందుకని మోటారుకు టైమర్ కాంటాక్టును, ట్యాంకులో ఫ్లోటు కాంటాక్టును వరసగా కలుపుతారు. రెండూ ఒప్పుకుంటేనే మోటారు నడుస్తుంది. ఎప్పుడు నడవొచ్చో టైమర్ చెబుతుంది, నడవాలా వద్దా అన్నది ఫ్లోటు చెబుతుంది. కింద సంపులో ఇంకో ఫ్లోటు ఉంటే నీళ్లు లేనప్పుడు మోటారు ఉత్తగా తిరగదు. బోరు అయితే అక్కడ ఫ్లోటు వేలాడదీయలేరు. మోటారు లాగే ఆంపియర్లు ఒక్కసారిగా తగ్గితే నీళ్లు అయిపోయాయని గ్రహించి ఆపేసే డ్రై రన్ రిలే కావాలి. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాల్లో ఎండాకాలం బోర్లు కాసేపు పోసి చాలిస్తాయి, కాసేపు ఆగితే మళ్లీ ఊరతాయి. అలాంటి చోట 20 నిమిషాలు ఆన్, 40 నిమిషాలు ఆఫ్ అంటూ తిప్పే సైక్లిక్ టైమర్ మామూలు టైమర్ కన్నా మేలు.

ఇక మోటారు ఆన్ కాలేదన్న ఫిర్యాదు. స్టార్టర్‌కు పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉంటాయి. పచ్చ బటన్ నొక్కగానే కాంటాక్టర్ (కాయిల్ అనే తీగచుట్ట అయస్కాంతమై కలిపే పెద్ద స్విచ్చు) ఠక్కున లాగుతుంది. వేలు తీసేశాక కూడా లాగి పట్టుకునే ఉంటుంది, ఎందుకంటే ఆ కాంటాక్టరే తన కాయిల్‌కు కరెంటు ఇచ్చే ఇంకో చిన్న కాంటాక్టును మూసి ఉంచుతుంది. కరెంటు పోతే అది విడిపోతుంది, మళ్లీ ఎవరో ఒకరు పచ్చ బటన్ నొక్కాలి. ఈ కాయిల్ దారిలో టైమర్‌ను ఊరికే చేరిస్తే ఆఫ్ మాత్రం టైముకు అవుతుంది. ఆన్ అవదు, పచ్చ బటన్ నొక్కే వేలు లేదు కాబట్టి.

దీనికి ఎలక్ట్రీషియన్లు సాధారణంగా చేసే పని, ఆ పట్టుకునే కాంటాక్టును దాటేసి కాయిల్‌ను నేరుగా టైమర్‌కు కలపడం. మోటారు ఇప్పుడు టైముకు ఆన్ అవుతుంది. దాంతో పాటు ఇంకోటి జరుగుతుంది. టైమర్ ఆన్‌లో ఉన్న సమయంలో కరెంటు పోయి వస్తే మోటారు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. పంపు దగ్గర ఎవరైనా గ్లాండు (నీళ్లు కారకుండా ఆపే భాగం) బిగిస్తుంటే ఇది ప్రాణాల మీదకు వస్తుంది. అందుకే రిపేరు పనికి టైమర్‌ను ఆఫ్‌లో పెడితే సరిపోదు, మెయిన్ దించాలి. వచ్చిన కరెంటులో ఒక ఫేజు లేకపోతే మూడు ఫేజుల మోటారు మూలుగుతూ వైండింగ్ కాల్చుకుంటుంది. ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేకుండా ఇలా నేరుగా కలపడం మోటారును పణంగా పెట్టడమే. పొలాల్లో పగటిపూట 9 గంటల కరెంటుకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్న రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. లైను రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ఓల్టేజి ఎంత కుంగుతుందో వాళ్లు రోజూ చూస్తారు. కరెంటు వచ్చాక కాస్త ఆగి కలిపే ఆన్ డిలే ఉంటే, ఒక్కో మోటారుకు ఒక్కో వ్యవధి పెట్టి ఈ తొక్కిసలాట తగ్గించవచ్చు.

తీరం వెంట రొయ్యల చెరువుల గట్ల మీద కూడా నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు టైమర్లు పెడుతున్నారు. రాత్రంతా నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వకపోగా తనూ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ గంటల్లో టైమర్ ఆన్ చెప్పినా మోటారు తిరగకపోతే పంట పోతుంది. ఏరేటర్ నిజంగా తిరుగుతోందో లేదో చూసి మోగే అలారం లేని టైమర్‌ను అక్కడ నమ్ముకోవడం సాహసమే.

వారం తెలుసు, తిథి తెలియదు

మామూలు ప్రోగ్రామబుల్ టైమర్‌కు ప్రపంచం ఏడు రోజులదే. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ రోజుకు ఏ వేళలో చెబితే, మళ్లీ సోమవారం మొదటికి వస్తుంది. ఆఫీసుకు, బ్యాంకుకు ఇది చక్కగా అతుకుతుంది. రోజు విడిచి రోజు కుళాయి నీళ్లు వచ్చే కాలనీకి అతకదు. ఈ వారం సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో నీళ్లు వస్తే వచ్చే వారం మంగళ, గురు, శనివారాల్లో వస్తాయి. ఏడు బేసి సంఖ్య కావడంతో వచ్చిన చిక్కిది. వారం ప్రోగ్రామ్ పెట్టిన సంపు మోటారు ఒక వారం సరిగ్గా పనిచేసి, మరుసటి వారం ఉత్త పైపు దగ్గర తిరుగుతుంది. ఇలాంటి చోట 48 గంటల చక్రం పెట్టగలిగే టైమర్ గానీ, నీటి ఒత్తిడి చూసే స్విచ్చు గానీ కావాలి.

బడి గంటది ఇంకో రకం. గంటకు ఐదు పది సెకన్ల మోత చాలు, కాబట్టి పల్స్ ప్రోగ్రామ్ ఉన్న టైమర్ తీసుకోవాలి. నిమిషం కన్నా తక్కువ చేయలేని టైమర్ కొంటే గంట నిమిషం పాటు మోగి ఊరందరినీ లేపుతుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే సుమారుగా ఉదయం 7:45 నుంచి 12:30 వరకే. పీరియడ్లన్నీ మారిపోతాయి. రెండు ప్రోగ్రాములు దాచుకుని తేదీని బట్టి మార్చుకునే టైమర్ ఉంటే సరి, లేకపోతే ఏటా రెండుసార్లు పాతికకు పైగా ఎంట్రీలు చెరిపి కొత్తగా కొట్టుకోవాలి.

గుళ్లలో సుప్రభాతం మైకుకు, మోటారు నగారాకు, గోపురం లైట్లకు టైమర్లు పెడతారు. ధనుర్మాసం సౌరమానం ప్రకారం వచ్చేది కాబట్టి ఏటా డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకే. ఒకసారి తేదీలు పెడితే ఏళ్ల తరబడి దాదాపు అలాగే సాగుతుంది. కార్తీకం అలా కాదు. చాంద్రమానం కాబట్టి ఏటా జరుగుతుంది, అధిక మాసం వస్తే మళ్లీ వెనక్కి వస్తుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాలో మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది. ఇలాంటి రోజులకు రాత్రంతా లైట్లు వెలగాలంటే ఆ ఏటి తేదీలు ఆ ఏడే పెట్టాలి. చేత్తో ఆన్ చేసుకునే మాన్యువల్ బటన్ ఎప్పుడూ ఉంటుంది గానీ, దాన్ని ఆటోకు తిరిగి పెట్టడం మరిచిపోవడం మరీ మామూలు.

16 ఆంపియర్లని రాసి ఉన్నా

పెట్టె మీద 16 ఆంపియర్లు, 250 ఓల్టులు అని ఉంటుంది. అది హీటరు లాంటి లోడుకు చెప్పిన మాట. మోటారు ఆన్ అయ్యే క్షణంలో మామూలు కన్నా ఆరేడు రెట్ల కరెంటు లాగుతుంది. ఎల్ఈడీ లైట్లు వాట్లలో చిన్నవే అయినా, లోపలి కెపాసిటర్లు నిండేటప్పుడు సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు పదుల రెట్ల కరెంటు గుంజుతాయి. ఒక్క లైటుకు ఏమీ కాదు. నలభై లైట్లు ఒకే కాంటాక్టు మీద పెడితే ఆ ఒక్క క్షణంలో వెండి పూత ఉన్న కాంటాక్టు కొసలు కరిగి అతుక్కుంటాయి. తెర మీద ఆఫ్ అని ఉంటుంది, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. పట్టపగలు లైట్లు వెలగడం వెనక ఉండేది ఇదే కావచ్చు. మంచి టైమర్ల లేబుల్ మీద ఎల్ఈడీకి ఎన్ని వాట్లో విడిగా రాసి ఉంటుంది, 16 ఆంపియర్ల లెక్కకన్నా అది చాలా తక్కువ.

కాంటాక్టర్ పెడితే ఈ సమస్య తీరుతుంది. టైమర్ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే లాగుతుంది, బరువంతా కాంటాక్టర్ మోస్తుంది. కొన్ని వందల రూపాయలు మిగులుతాయని దాన్ని మానేయడం తెలివి తక్కువ పొదుపు. సముద్రానికి దగ్గరున్న భవనాల్లో ఉప్పు గాలికి టెర్మినళ్లు పచ్చగా పూత కడతాయి. అక్కడ టైమర్ మేలిరకమా కాదా అన్నదానికన్నా, పెట్టె మూత రబ్బరు సరిగ్గా ఉందా లేదా అన్నది చూడాలి.

గంటను బట్టి ధర

కరెంటు ధర రోజంతా ఒకటే అయినంతకాలం మోటారు ఉదయం నడిచినా రాత్రి నడిచినా బిల్లు ఒకటే. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు కేంద్రం 2023 జూన్‌లో చేసిన సవరణ దీన్ని మార్చింది. 10 కిలోవాట్లు మించిన డిమాండు ఉన్న వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1 నాటికి, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి టైమ్ ఆఫ్ డే టారిఫ్ తేవాలని అందులో ఉంది. సౌర విద్యుత్ దండిగా వచ్చే పగటి గంటల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తగ్గాలి. వాడకం బాగా పెరిగే పీక్ గంటల్లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు మామూలు ధరకు 1.20 రెట్లు, ఇతరులకు 1.10 రెట్లు కన్నా తక్కువ ఉండకూడదు. ఏ గంటలు ఏవి అన్నది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది. నెల్లూరుకు కరెంటిచ్చేది తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ), ప్రకాశానికి విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కం. టారిఫ్ ఇచ్చే మండలి మాత్రం ఒకటే.

వాణిజ్య భవనంలో నీటి మోటారును పీక్ వేళ నుంచి పగటి వేళకు మార్చితే ధర 1.2 నుంచి 0.8కి, అంటే మూడో వంతు తగ్గుతుంది. నీళ్లు ట్యాంకులో నిలవ ఉంటాయి కాబట్టి ఎప్పుడు తోడినా ఒకటే. చలి నిలవ ఉండే కోల్డ్ స్టోరేజీకీ ఈ వెసులుబాటు కొంత ఉంది. చీమకుర్తి గ్రానైటు యూనిట్లో బండ మధ్యలో ఉన్న బ్లేడును గంట చూసి ఆపలేరు; నీళ్ల ట్యాంకు నింపే పంపును మాత్రం జరపగలరు. నిలవ చేసుకోగలిగినదే టైమర్‌తో జరుపుకోవచ్చు. ఏ గంటలో ఎంత వాడారో విడిగా లెక్కించే మీటరు లేని కనెక్షన్‌కు ఈ లెక్కేదీ వర్తించదు.

ఒకేసారి లాగే గరిష్ఠ లోడును బట్టి కూడా చార్జీ పడే కనెక్షన్లలో టైమర్ వల్ల బిల్లు పెరిగే సందర్భం కూడా ఉంది. బస్టాండు దగ్గర 30 గదుల లాడ్జిలో గదికో 2 కిలోవాట్ల గీజరు ఉందనుకుందాం. అన్నీ తెల్లవారుజామున 4:30కు ఆన్ అని పెడితే ఒక్కసారిగా 60 కిలోవాట్లు. అంతకు ముందు ఎవరికి వారు వేసుకునేటప్పుడు అంత లోడు ఎన్నడూ ఒకేసారి వచ్చి ఉండదు. 25 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 60కి తేవడానికి దాదాపు 0.93 యూనిట్లు, అంటే 28 నిమిషాలు. పదేసి గదులను మూడు జట్లు చేసి అరగంట తేడాతో ఆన్ చేస్తే లోడు 20 కిలోవాట్లు దాటదు.

సెట్టింగులో దొర్లేవి

12 గంటల పద్ధతిలో సాయంత్రం 6కు బదులు ఉదయం 6 పెట్టేయడం అన్నిటికన్నా తేలిగ్గా జరిగే పొరపాటు. తెరను 24 గంటల పద్ధతికి మార్చుకుంటే అది ఉండదు. శనివారం రాత్రి 18:00కు ఆన్ చేసి ఆదివారం ఉదయం 6:00కు ఆపాలంటే, ఆఫ్ ఎంట్రీలో ఆదివారాన్ని కూడా చేర్చాలి. సోమవారం నుంచి శనివారం దాకా అని మాత్రమే పెడితే ఆదివారం పగలంతా లైట్లు వెలుగుతాయి.

ఇంకోటి ఐరోపా మోడళ్లలో ఉండే సమ్మర్ టైమ్. అక్కడ మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి తెస్తారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు. ఆ ఆప్షన్ ఆన్‌లో ఉండిపోతే ఏప్రిల్ రాగానే లైట్లు, మోటారు, గంట అన్నీ గంట ముందే మొదలవుతాయి. టైము సరిచేసి ఊరుకుంటే అక్టోబరు చివర్లో ఈసారి గంట ఆలస్యంగా నడుస్తాయి. ఏటా ఇవే రెండు నెలల్లో టైమర్ తిక్కగా ప్రవర్తిస్తోందని ఎవరైనా అంటే, ముందు మెనూలో ఆ ఆప్షన్ చూడాలి. తర్వాత పెట్టిన ప్రోగ్రామంతా ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించాలి. ఆ పెట్టెను రేపు తెరిచేది ఇంకో ఎలక్ట్రీషియన్.